అప్‌డేట్: తాళం తీసినా ఇంజిన్ ఆగని మెర్సిడెస్ 240డి

ఇంట్లోనే బాగుచేసుకుంటున్న నా పాత మెర్సిడెస్ 240డి (డబ్ల్యూ123 శ్రేణి) డీజిల్ కారులో తాళం తీసేసినా ఇంజిన్ ఆగడం లేదని ఇదివరకు అడిగాను, కారణం దొరికింది. డీజిల్ ఇంజిన్‌లో ఆపడానికి స్పార్క్ ఉండదు కనుక, తాళం తిప్పినప్పుడు వాక్యూమ్ (గాలి తీసేయడం వల్ల పుట్టే లాగుడు) శక్తితో, ఇంజిన్‌కు డీజిల్ అందించే ఇంజెక్షన్ పంపు వద్ద ఇంధనాన్ని నిలిపివేసే ఏర్పాటు ఇందులో ఉంది. డోర్లన్నీ ఒకేసారి లాక్ చేసే సెంట్రల్ లాకింగ్ కూడా అదే వాక్యూమ్‌తో పనిచేస్తుంది కనుక, అక్కడ లీకైతే ఇంజిన్ ఆపడానికి వాక్యూమ్ చాలదు. మీలో ఒకరు సూచించినట్టు లాకింగ్‌కు వెళ్లే గొట్టాన్ని విడదీసి, వాక్యూమ్ వచ్చే వైపు కొసను మూసి చూడగా ఇంజిన్ వెంటనే ఆగింది. ఆపై చేతి వాక్యూమ్ పంపుతో ఒక్కొక్క డోరునూ పరీక్షిస్తే, వెనుక ఎడమ డోరులోని రబ్బరు డయాఫ్రమ్ (వాక్యూమ్‌కు కదిలి లాక్‌ను నడిపే పలుచని పొర) చిరిగి ఉన్నట్టు తేలింది. అసలు శ్రమ డోరు లోపలి ప్యానెల్ విప్పడంలోనే ఉంది. ముసలి ప్లాస్టిక్ క్లిప్పులు అప్పడాల్లా విరిగాయి.

హెడ్‌లైట్లకు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్‌లు) కూడా అమర్చాను. కరెంటు ఇప్పుడు పాత స్విచ్ గుండా కాక బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వస్తున్నందున, మామూలు 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) హెచ్4 రకం బల్బులతోనే వెలుతురు బాగా పెరిగింది. ఎక్కువ వాట్ల బల్బులు వేయమన్న సలహాను మాత్రం, పాత రిఫ్లెక్టర్లు ఆ వేడికి తట్టుకోవన్న భయంతో, పాటించలేదు. కొత్త డయాఫ్రమ్ వచ్చేదాకా ఆ డోరు గొట్టాన్ని బిరడాతో మూసి ఉంచాను.