ప్లీ డీల్ కుదిరే ముందు బాధితుల మాట ఎవరైనా వింటారా? (కాలిఫోర్నియా)

తెనాలి కుర్రాడు:

మేం బే ఏరియాలో ఉంటాం. మా అమ్మకు 62 ఏళ్లు. పోయిన వేసవిలో మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు, సాయంత్రం ఇంటి వెనక పార్కులో నడుస్తుంటే ఒకడు వెనక నుంచి వచ్చి మెడలో గొలుసు తెంపుకుపోయాడు. నాలుగు కాసుల సూత్రాల గొలుసు. ఆ ఊపుకి కింద పడి కుడి మణికట్టు విరిగింది. మనిషి దొరికాడు, గొలుసు దొరకలేదు. దోపిడీ కేసు పెట్టి, తీవ్రంగా గాయపరిచినందుకు అదనపు అభియోగం చేర్చారు.

అమ్మ ఊరికి వెళ్లిపోయింది. మొన్న ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి వాయిస్ మెయిల్ వచ్చింది: ఆఫర్ ఇచ్చాం, వచ్చే గురువారం ప్లీ (నిందితుడు కోర్టులో నేరం ఒప్పుకోవడం) జరగవచ్చు అని. తిరిగి ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో తేల్చేశారు. ‘మనిషి ఒంటి మీద నుంచి దొంగతనం’ అనే చిన్న నేరం ఒప్పుకుంటాడట. కౌంటీ జైలులో కొన్ని నెలలు, తర్వాత రెండేళ్ల ప్రొబేషన్ (బయటే ఉంటూ కోర్టు షరతులు పాటించడం). దోపిడీ, గాయం అభియోగాలు కొట్టేస్తారట. గొలుసు ఊసు, ఆసుపత్రి బిల్లు ఊసు ఎత్తనే లేదు.

అమ్మకు చెబితే “దెబ్బ తగిలింది నాకు కదా, నన్ను ఎవరూ అడగరా?” అంది. నా దగ్గర జవాబు లేదు. మేం ఒప్పుకోకపోతే ఆపుతారా? గురువారం లోపు ఏం చేయాలి?

సుబ్బారావు, సన్నీవేల్:

మీ అమ్మగారు సంతకం పెట్టనిదే ఎలా కుదురుతుందండీ? మా ఊళ్లో ఒక కొట్లాట కేసు లోక్ అదాలత్‌కు వచ్చినప్పుడు, దెబ్బలు తిన్నవాడు ఒప్పుకునేదాకా రాజీ కాలేదు. గట్టిగా కాదనండి.

కృష్ణలంక అమ్మాయి:

సుబ్బారావు గారూ, మీరు చెప్పేది రాజీ. అందులో దెబ్బలు తిన్నవాడు ఒక పక్షం. ఇక్కడ కేసు ‘కాలిఫోర్నియా ప్రజలు వర్సెస్ ఫలానా’ అని నడుస్తుంది. ప్రాసిక్యూటర్ బాధితుల లాయరు కాదు. డీల్‌ను ఆపే అధికారం ఆ తల్లికి లేదు. నేను ఒక కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధితులకు సహాయకురాలిగా చాలాకాలం పనిచేశాను. ఈ మాట మొదటి రోజే విప్పి చెప్పాలని అప్పుడూ పోట్లాడేదాన్ని. చెప్పకుండా ఆశ పెట్టి చివర్లో వాయిస్ మెయిల్ వదలడం అన్యాయం.

అయితే అడగకుండా దాటేసే వీలు వాళ్లకూ లేదు. 2008లో ఓటర్లు ఆమోదించిన మార్సీ చట్టం ఈ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. మార్సీ అనే విద్యార్థినిని 1983లో ఆమె మాజీ ప్రియుడు చంపాడు. వారం రోజులకే కిరాణా దుకాణంలో అతను ఆ తల్లికి ఎదురుపడ్డాడు. బెయిలు మీద బయటికి వచ్చాడని ఆ కుటుంబానికి ఒక్కరూ చెప్పలేదు. ఆ కడుపుకోత నుంచి వచ్చిన చట్టం ఇది. ప్లీకి ముందే తెలుసుకోవడం, ప్రాసిక్యూటర్‌తో మాట్లాడటం, ప్లీ రోజునా శిక్ష వేసే రోజునా జడ్జికి తన మాట వినిపించడం బాధితుల హక్కులు. కానీ కోరితేనే వర్తిస్తాయి. అందుకని ఈ రోజే మెయిల్ రాయండి: ప్లీకి ముందు మాట్లాడాలి, రెండు సందర్భాల్లోనూ అమ్మ మాట వినాలి అని. బాధితుల పిల్లలనూ చట్టం బాధితులుగానే లెక్కిస్తుంది కాబట్టి మీరే రాయవచ్చు.

మాట్లాడినప్పుడు అభియోగం ఎందుకు తగ్గించారో అడగండి. బహుశా మీ అమ్మగారు తెనాలిలో ఉండటమే కారణం కావచ్చు. విచారణ జరిగితే ఆవిడ ఇక్కడికి వచ్చి బోనెక్కాలి, డిఫెన్స్ లాయరు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. రాష్ట్రాల కోర్టుల్లో పడే శిక్షల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడంతోనే వస్తాయని 2012లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో రాసింది. జైలు నెలల కన్నా పెద్ద తేడా ఇంకొకటి ఉంది. దోపిడీ ‘స్ట్రైక్’ నేరం, తర్వాత మరో ఫెలనీ (తీవ్రమైన నేరం) చేస్తే శిక్ష రెట్టింపవుతుంది. ఒంటి మీద నుంచి దొంగతనానికి ఆ ముద్ర పడదు. అవతలి లాయరు పట్టుబట్టింది దీనికోసమే అయ్యుండాలి. దీని మీద మీ అభ్యంతరం చెప్పండి. వింటారు, మారుస్తారని మాత్రం హామీ ఇవ్వలేను.

మీ మాటకు అసలైన బలం డబ్బు దగ్గర ఉంది. డీల్ ఏదైనా సరే, జరిగిన నష్టమంతా నిందితుడు చెల్లించాలని జడ్జి ఆదేశించి తీరాలి. పోయిన వస్తువుకు అలాంటిదే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు కడతారు, అంటే ఇప్పటి బంగారం ధర. బరువు, తరుగు, మజూరీ వేసిన పాత బిల్లు ఉంటే వెతకమనండి. లేకపోతే గొలుసు స్పష్టంగా కనిపించే పెళ్లి ఫొటో, తెనాలిలో మీ నగల దుకాణం నుంచి అంచనా తెప్పించండి. గాయం అభియోగం కొట్టేస్తున్నారు కాబట్టి, ప్లీ పత్రంలో ‘హార్వీ వేవర్’ ఉందా అని తప్పక అడగండి. అది ఉంటే కొట్టేసిన అభియోగాల తాలూకు నష్టం కూడా రాబట్టవచ్చు. రాష్ట్ర బాధితుల పరిహార బోర్డు వైద్య ఖర్చు భరిస్తుంది గానీ పోయిన నగకు పైసా ఇవ్వదు.

ఇంకో సంగతి. ప్రాసిక్యూటర్‌తో గానీ, ఆ ఆఫీసులో నాలాంటి సహాయకులతో గానీ మాట్లాడింది గుట్టుగా ఉండదు. ‘చీకట్లో ముఖం సరిగా కనిపించలేదు’ అని ఆవిడ అంటే అది అవతలి లాయరుకు చేరాల్సిందే. ఉన్నదే చెప్పమనండి, ఊహించి చెప్పవద్దనండి.

తెనాలి కుర్రాడు:

మెయిల్ పంపానండీ. మంగళవారం ఫోన్లో మాట్లాడతామన్నారు. జడ్జికి చెప్పేటప్పుడు గొలుసు గురించి చెప్పాలా, చెయ్యి గురించా అని అమ్మ అడుగుతోంది.

కృష్ణలంక అమ్మాయి:

రెండూ. వీడియోలో తెలుగులోనే మాట్లాడమనండి, ఇంగ్లీషులో రాసిన ప్రతి జతచేసి పంపండి. ‘బాధపడ్డాను’ అని ఆపకుండా, ఆ చేత్తో ఇప్పుడు చేయలేని పనులు చెప్పమనండి: జడ వేసుకోవడం, బిందె ఎత్తడం, ఏదైతే అది. ఎంత శిక్ష వేయాలో తన అభిప్రాయం కూడా చెప్పవచ్చు. గురువారానికి బిల్లులు అందకపోతే కంగారు పడకండి. నిందితుడు చెల్లించాల్సిన మొత్తం ఎంతో తర్వాత తేల్చేలా ఆదేశం రాయించమని మంగళవారమే అడగండి, దానికి విడిగా వాయిదా వేస్తారు.