దీర్ఘకాలిక దద్దుర్లలో మాస్ట్ కణాలను రెచ్చగొట్టేది ఏమిటి?

నమస్కారం. మా అమ్మగారికి 8 నెలలుగా దాదాపు ప్రతి సాయంత్రం దద్దుర్లు లేస్తున్నాయి. చీర బిగిసే నడుము చుట్టూ రూపాయి బిళ్లలంత ఎర్రటి ఉబ్బులు పొంగి, తెల్లవారేసరికి మచ్చైనా మిగలకుండా మాయమవుతాయి. ఆరు వారాలు దాటిన దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదని వైద్యులు చెప్పినా, ఇంట్లో పెద్దలు ఇంకా వంకాయనే నిందిస్తున్నారు.

చర్మంలోని మాస్ట్ కణాలు (అలర్జీలో పాలుపంచుకునే రోగనిరోధక కణాలు) హిస్టమిన్‌ అనే రసాయనాన్ని వెదజల్లడం వల్ల సన్నని రక్తనాళాల నుంచి ద్రవం ఊరి ఉబ్బు, దురద వస్తాయని చదివాను. కొందరిలో సొంత ప్రోటీన్లపైనే ఐజీఈ అనే రకం ప్రతిరక్షకాలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు) తయారవుతాయనీ, మరికొందరిలో ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకాలు మాస్ట్ కణం మీది ఐజీఈకి గానీ, దాని గ్రాహకానికి గానీ అతుక్కుని ఆ కణాన్ని రెచ్చగొడతాయనీ తెలిసింది. అమ్మ రక్తపరీక్షలో మొత్తం ఐజీఈ బాగా తక్కువగా, థైరాయిడ్‌కు సంబంధించిన టీపీఓ ప్రతిరక్షకాలు ఎక్కువగా వచ్చాయి. ఇది రెండో రకానికి సూచన అనుకోవచ్చా? బేసోఫిల్ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా తక్కువగానే ఉన్నాయి. అవి రక్తాన్ని విడిచి చర్మంలోకి చేరడమే అందుకు కారణమా?

సెటిరిజిన్‌ (హిస్టమిన్ పనిని అడ్డుకునే మందు) మోతాదును నాలుగింతలు చేసినా గుణం కనిపించకపోవడంతో 4 వారాలకు ఒకసారి 300 మిల్లీగ్రాముల ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ సూచించారు. ఐజీఈని పట్టి ఉంచే ఈ మందు ఐజీజీ కారణంగా వచ్చే దద్దుర్లలో ఎలా పనిచేస్తుందో, ఫలితం కోసం ఎన్ని మోతాదుల వరకు వేచి చూడాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.