తొమ్మిదో రోజుకే మూసుకుపోతున్న కాథెటర్: సిట్రిక్ యాసిడ్ వాష్ పనిచేస్తుందా?

వెన్నుపాము దెబ్బతిన్న మా నాన్నగారికి 2 ఏళ్లుగా మూత్రానికి కాథెటర్ (మూత్రాశయం నుండి మూత్రాన్ని బయటకు తెచ్చే గొట్టం) ఉంది. మొదట్లో 4 వారాలకొకసారి మార్చితే సరిపోయేది. గత 3 నెలలుగా 8, 9 రోజులకే మూసుకుపోయి, మూత్రం గొట్టం పక్కల నుండి కారుతోంది. స్పర్శ తెలియదు కనుక, తలనొప్పి, ముఖమంతా చెమటలు మొదలైన తరువాతే మాకు సంగతి తెలుస్తోంది. అదే మా భయం.

తీసిన గొట్టం కొనను వేళ్లతో నలిపితే సన్న ఇసుకలా గరగరలాడే తెల్లని పెచ్చు, దాని అడుగున జిగురు కనిపిస్తున్నాయి. మూత్రం కల్చర్ పరీక్షలో ప్రోటియస్ మిరాబిలిస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. మూత్రం పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 8.5. ఈ బ్యాక్టీరియా యూరియేజ్ ఎంజైమ్‌తో యూరియాను అమ్మోనియాగా విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తుందని, అప్పుడు మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు బయోఫిల్మ్‌లో (బ్యాక్టీరియా ఏర్పరిచే జిగురు పొరలో) పేరుకుంటాయని, ఆ పొరలో దాగిన బ్యాక్టీరియాను మందు పూర్తిగా చంపలేదని చదివి తెలుసుకున్నాను.

కల్చర్ ప్రకారం 7 రోజులు యాంటీబయాటిక్ వాడాం. జ్వరం తగ్గింది గాని కొత్త గొట్టం మళ్లీ 9వ రోజునే మూసుకుపోయింది. లేటెక్స్ మాని 16 సైజు పూర్తి సిలికాన్ గొట్టం వేయించాం, రోజూ సెలైన్‌తో కడిగించాం, నీళ్లు 2.5 లీటర్లకు పెంచాం. స్కానింగ్‌లో మూత్రాశయంలో రాళ్లు లేవు.

యూరాలజిస్టును వచ్చే వారం కలుస్తున్నాం. ప్రోటియస్ వల్లనే ఇలా మూసుకుపోయిన వారిలో, వైద్యుల పర్యవేక్షణలో సిట్రిక్ యాసిడ్ ద్రావణంతో మూత్రాశయాన్ని కడిగించిన తరువాత గొట్టం ఎన్ని రోజులు నిలిచింది?