పాత ఫ్రెంచ్ చేతిరాతలో ఊరి పేర్లు, ఇంటిపేర్లు చదవడం ఎలా?

ఫ్రాన్స్‌లో యూరప్ చరిత్ర మాస్టర్స్, మొదటి ఏడాది. ఫ్రెంచ్‌లో బీ2 (మధ్యస్థాయికి పై మెట్టు) అయింది, అచ్చు పుస్తకాలతో ఇబ్బంది లేదు. చిక్కంతా 1680ల నాటి నోటరీ దస్తావేజుల చేతిరాతతోనే. ముప్పై లైన్ల పేజీకి మూడు గంటలు పడుతోంది, అయినా పావు వంతు ఖాళీలే.

పొడి అక్షరాలు సమస్య కాదు: '7బ్రె' అంటే జూలై కాదు, సెప్టెంబరు ('సెప్త్' అంటే ఫ్రెంచ్‌లో ఏడు) అని తెలుసు. ఇప్పుడు మాటల్లో 'ai' అక్షరాలు రాసేచోట అప్పట్లో 'oi' రాసేవాళ్లనీ తెలుసు. దస్తావేజు మొదట్లో, చివర్లో వచ్చే వాడుక వాక్యాలు కంఠతా వచ్చేశాయి.

ఆగిపోయేది నిలువుగీతల దగ్గర. ఐ, యూ, ఎన్, ఎం అన్నీ ఒకే రకం గీతలు. 'కొమ్యూన్' (commune) అనే మాటలో వరసగా పది! ఐ మీది చుక్క పక్క అక్షరం మీదికి జారి ఉంటుంది. పైగా అపాస్ట్రఫీ ఉండదు, 'ద', 'లా' లాంటి చిన్న మాటలు పక్కమాటకు అతుక్కుపోతాయి.

అదే రాయసగాడి అక్షరాలతో పట్టిక చేసుకున్నాను, ఫోటోలు మూడింతలు పెద్దవి చేసి గీతలు లెక్కపెట్టాను. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ మామూలు మాటలు పట్టింది కానీ పేర్లన్నీ తప్పే చెప్పింది.

మామూలు మాటను సందర్భాన్నిబట్టి ఊహించొచ్చు. సందర్భం సాయపడని ఊరి పేర్లు, ఇంటిపేర్లలో ఈ గీతలను మీరు ఏ పద్ధతిలో విడదీస్తారు?