జవాబు: మా ఆవిడకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, ఇంగ్లండులో ఎవరిని కలవాలి?

తమ్ముడూ, మరదలికి ఈ జబ్బు, అంటే భావోద్వేగాలు అదుపు తప్పే మానసిక సమస్య, ఉందని నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్ డాక్టరు ఇచ్చిన కాగితాలు దాచకు, జీపీకి, అంటే అక్కడి కుటుంబ వైద్యుడికి, చూపించు. ముందు ఇంటి దగ్గరి జీపీలో ఇద్దరూ పేర్లు నమోదు చేయించుకోండి. వీసాకు హెల్త్ సర్‌చార్జి (ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రుసుము) కట్టే వచ్చారు కనుక ఈ వైద్యానికి విడిగా ఫీజు ఉండదు. మందుల చీటీకి మాత్రం రుసుము ఉంటుంది.

కమ్యూనిటీ మెంటల్ హెల్త్ టీముకు (ఇంట్లో ఉండే రోగులను చూసే మానసిక వైద్య బృందానికి) రాయమని జీపీని గట్టిగా అడుగు. ఆసుపత్రిలో చేర్చుకోమని పట్టుబట్టకు. ఈ జబ్బుకు అసలు వైద్యం ఇంట్లో ఉంటూ, తెలిసిన మనుషుల దగ్గర నెలల తరబడి చేయించుకునేదే. అక్కడ వైద్య ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2009 నాటి మార్గదర్శకాలూ ఈ బాధ్యతను ఆ టీములకే అప్పగించాయి. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మందులు ఇవ్వవద్దని, మూడు నెలలలోపు ముగిసే థెరపీతో సరిపెట్టవద్దని కూడా అందులో ఉంది. అలాగని ఇప్పుడు వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపవద్దు. తనను తాను గాయపరచుకుంటోందన్న కారణంతో ఎవరైనా తిప్పి పంపబోతే, అలా పంపకూడదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయని నిలబడి అడుగు.

థెరపీకి చాలాకాలం వేచి ఉండాల్సి రావచ్చు. ఆలోగా టీముతో కూర్చుని క్రైసిస్ ప్లాన్, అంటే పరిస్థితి విషమిస్తే ఏం చేయాలో చెప్పే కాగితం, రాయించుకోండి. ఇదే జబ్బున్న మా అమ్మాయిది ఒక్క పేజీ, ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. పైన తన చేతిరాతే: ‘ఫోను ఆపేసి గదిలో కూర్చున్నానంటే మొదలైనట్టే. ఎందుకని అడగవద్దు. పక్కన కూర్చోండి.’ దాని కింద టీము నంబరు, రాత్రిళ్లు వైద్య సలహా నంబరు 111కి చేసి 2 నొక్కాలన్న సూచన, ప్రాణం మీదికి వస్తే అత్యవసర నంబరు 999. ఆ కాగితం వచ్చాక మా ఇంట్లో అరుపులు తగ్గాయి. ఏం చేయాలో అందరికీ తెలుసు కదా.

నీ ఆరోగ్యం కూడా చూసుకో. 2014 కేర్ చట్టం ప్రకారం, చూసుకునేవారికి ఏ సాయం కావాలో కౌన్సిల్ అంచనా వేయాలి. అడగందే ఎవరూ రారు.

— — —

అక్కగారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, మాటలతో చేసే చికిత్స) పేరు వినే ఉంటారు. అమెరికాలో మనస్తత్వవేత్త మార్షా లినెహన్ ఈ జబ్బు కోసమే రూపొందించిన పద్ధతి. సాధారణంగా వారం వారం ఒకరితో విడిగా మాట్లాడటం, మరో రోజు బృందంగా నేర్చుకోవడం ఉంటాయి. నా భార్య మొదట బృందంలోకి వెళ్లడానికే భయపడింది. ఇప్పుడు ఆ రోజు కోసమే ఎదురుచూస్తోంది.

ఇంకొకటి, మీరే దుభాషిగా కూర్చోకండి. భర్త ముందు చెప్పలేని మాటలు ఆమెకు ఉంటాయి. ఎన్‌హెచ్‌ఎస్‌లో (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో) దుభాషికి డబ్బు కట్టనక్కర లేదు. జీపీ ఫారం నింపేటప్పుడే తెలుగు దుభాషి కావాలని రాయండి.