నల్లనివాడు పద్యం మూడో పాదం: 'దెచ్చె'నా, 'దోచె'నా?

మూసీగట్టు (నల్గొండ): పోతన భాగవతంలోని ఈ పద్యం అందరికీ వచ్చు కాబట్టి మొత్తం రాయను. మూడో పాదం దగ్గర ఇరుక్కున్నా. "చెల్వల మానధనంబు దెచ్చె" అనాలా, "దోచె" అనాలా? బడిలో మా తెలుగు సారు "దోచె" అని రాగం తీసినట్టే చెవిలో ఉంది. ఇంట్లో ఉన్న పుస్తకంలో మాత్రం "దెచ్చె". ఇప్పుడెందుకంటే, మా మేనల్లుడు ఒక షార్ట్ ఫిల్ములో హీరోగా వేశాడు. ప్రేమకథ. పిల్లాడు నలుపు, ముందు పళ్ళ మధ్య సందు, చెవులు కొంచెం నిక్కబొడుచుకుని ఉంటాయి. కింద కామెంట్లన్నీ ఒకటే పాట: "హీరో ఫ్రెండ్ వేషమైతే సరిపోయేవాడు." వాళ్ళకు జవాబుగా ఆ పాదం పెడదామని. తప్పు పెడితే పరువు పోతుంది. సాయంత్రంలోగా చెప్పండి.

తుంగభద్ర (గద్వాల): దెచ్చె. మీ చెవిలో "దోచె" ఎందుకు మిగిలిందో కూడా చెప్తా. అసలు మాట "తెచ్చె". ముందున్న ద్రుతం ("ధనంబున్" చివరి న్) వల్ల త కాస్తా ద అయింది. ద వినపడగానే, పక్కన ధనం కూడా ఉంది కదా, మనసు దోపిడీకి పోతుంది.

పిల్లలమర్రి (పాలమూరు): ఉత్పలమాలలో రెండూ సరిగ్గా పడతాయి. దెచ్చె గురువు లఘువు, దోచె గురువు లఘువు. యతి "జి"కీ "చె"కీ, అది ఎప్పుడో అయిపోయింది. కాబట్టి ఛందస్సు తీర్పు ఇవ్వదు. మా తాత చనిపోయేదాకా "దోచె" అనే పాడాడు. ఆయన తప్పు పాడాడని నేను ఒప్పుకోను.

తుంగభద్ర: తాతగారి మీద గౌరవం ఉంది అన్నా. కానీ అర్థం చూడండి. గోపికలు కృష్ణుణ్ణి వెతుకుతూ వచ్చి మల్లెపొదల్ని అడుగుతున్నారు. దోచినవాడు ఎటైనా పోవచ్చు. "తెచ్చె" అంటేనే సొమ్ము పట్టుకుని ఇటువైపు వచ్చాడని. అందుకే తర్వాతి మాట "మీ పొదల మాటున లేడు గదమ్మ". దోచె పెడితే ఆ దారి తెగిపోతుంది.

పిల్లలమర్రి: బాగుంది, కానీ ఇది పోలీసు బుర్ర, కవి బుర్ర కాదు.

రాచకొండ: పోలీసు బుర్రే కావాలి ఇక్కడ! పద్యం మళ్ళీ చదవండి. నలుపు, తామర కళ్ళు, నెత్తిన నెమలి పింఛం, నవ్వు ముఖం, "ఒకడు". పేరు లేదు. తప్పిపోయినవాళ్ళ ప్రకటనలో రాసే గుర్తులు ఇవి. అందగాడు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. అందం మాట "చెల్వల"లో ఆడవాళ్ళకు పోయింది. పింఛం తీసేసి పళ్ళ సందు పెట్టండి, మేనల్లుడు అయిపోతాడు.

ఎర్రమట్టి (నాగర్‌కర్నూల్): గుర్తులు అంటున్నారు, సరే. నల్లని ఆడపిల్ల గురించి ఏ పొదనైనా ఎవరైనా ఇలా అడిగారా? ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె రంగును బట్టే కదా. నేను సినిమాల్లో చూసిన ద్రౌపదులు అందరూ పసుపు పూసుకున్నట్టే ఉన్నారు.

అర్దళం (కోదాడ): అక్కా, రంగుల సినిమాలు వచ్చాక కృష్ణుడికి మాత్రం నలుపు పూశారా ఏమన్నా? నీలం. నల్లనివాడు నల్లగా కనబడితే జనం ఏమనుకుంటారో అని టెన్షన్. ఆ గొడవ లేనిది బ్లాక్ అండ్ వైట్‌లోనే. 1963 నర్తనశాలలో కృష్ణుడు ఎవరు? మా కోదాడ పక్క గుడిబండ కాంతారావు గారు. కత్తి పట్టిన సినిమాలే అందరికీ గుర్తు, ఆ కృష్ణుణ్ణి మర్చిపోతారు. పైగా ఆ సినిమాలో హీరో ఎన్టీ రామారావు గారు బృహన్నల. చీర కట్టి, గాజులు వేసి, నాట్యం నేర్పిస్తాడు. హీరో ఇలానే ఉండాలి అనేవాళ్ళు ముందు ఆ సినిమా చూసి రావాలి.

పిల్లలమర్రి: "నల్ల" అంటే ఇక్కడ రంగు కాదేమో అని నాకు ఎప్పటినుంచో ఉంది. అరవంలో నల్ల అంటే మంచి. నల్లనివాడు, అంటే మంచివాడు.

తుంగభద్ర: అరవం అరవంలో ఉండనీయండి. తెల్లన, నల్లన, చల్లన, వీటి మీద "ని" వస్తుంది. తెల్లని, నల్లని, చల్లని. అంతే. నల్గొండ వాళ్ళను అడగండి, వాళ్ళది మంచికొండా?

మూసీగట్టు: నల్లకొండే సార్. దానికి ముందు నీలగిరి అనేవాళ్ళు. అర్దళం అన్న లెక్క చూస్తే మా ఊరు నీలం నుంచి నలుపుకు వచ్చింది, సినిమా కృష్ణుడు నలుపు నుంచి నీలానికి పోయాడు. సరే, దెచ్చె ఖాయమేనా?

రాచకొండ: ఆగండి. హీరో ఎలా ఉండాలన్న రూలు రాసింది మన ఉమ్మడి నల్గొండ జిల్లా రాజే. రాచకొండ సింగభూపాలుడు, రసార్ణవసుధాకరం. నాయకుడి గుణాల్లో ఔదార్యం, స్థైర్యం, మాటనేర్పు లాంటివన్నీ చెప్పి, రూపం దగ్గరికి వచ్చేసరికి ఔజ్జ్వల్యం అని ఒక్క మాట వేశాడు. చూసే కంటికి ఆనందం కలగాలి, అంతే. రంగు చెప్పలేదు, ముక్కు కొలత చెప్పలేదు. భాగవతం అంకితం ఇవ్వలేదని పోతనను బాధపెట్టాడని చెప్పుకునే రాజుది కూడా ఆ పేరే అనుకోండి. ఆ రాజు ప్రియురాలి మీద పోతన రాశాడనే భోగినీ దండకం కథ ఎత్తితే తెల్లారుతుంది.

పిల్లలమర్రి: ఎత్తకండి. మా వైపు జటప్రోలు సురభి మాధవరాయల చంద్రికా పరిణయం ఉంది, ప్రబంధ నాయకుడు కావాలంటే అది చదవండి. అక్కడ అందరూ మన్మథులే.

రాచకొండ: మన్మథులు అనగానే మనుచరిత్రలో ప్రవరుడు గుర్తొచ్చాడు. "మకరాంక శశాంక మనోజ్ఞమూర్తి". మన్మథుడు, చంద్రుడు, రెండూ ఒక్కడే. తీరా వరూధిని ఎదురొచ్చి అడిగితే ఏం చేశాడు? ఇంటికి పోయి నిత్యకర్మలు చూసుకున్నాడు. పొదల వెంట ఊరంతా వెతికింది మాత్రం ఆ నల్లనివాణ్ణి!

ఎర్రమట్టి: ఇది మాత్రం ఆ కామెంట్ల కింద పెట్టండి అన్నా, దండం పెడతా.

తుంగభద్ర: ఒకటి వదిలేశాం. "దెచ్చె నో" దగ్గర ఆ "నో" చాలామంది అనుమానంగా చదువుతారు, తెచ్చాడో ఏమో అన్నట్టు. కాదు. తెచ్చెన్, ఓ మల్లియలార. అనుమానం ఏమీ లేదు, తెచ్చాడని వాళ్ళకు బాగా తెలుసు. "నో" అనే అక్షరంలో సగం ముందు మాటది, సగం తర్వాతి మాటది.

పిల్లలమర్రి: పాడేటప్పుడు అక్కడ ఆగుతారు కదా, అనుమానంలానే వినిపిస్తుంది. పోతనకు అది తెలియదా? రెండు అర్థాలూ ఉంచాడు.

తుంగభద్ర: పోతన మీద వేసి తప్పించుకోకండి.

అర్దళం: మూసీగట్టు తమ్ముడు ఎటు పోయాడు?

మూసీగట్టు: పెట్టేశాను. మూడో పాదం ఒక్కటే, "నో" వదిలేసి: "జిల్లెడు మోమువాడొకడు చెల్వల మానధనంబు దెచ్చె." ఐదు నిమిషాల్లో మేనల్లుడే ఫోన్ చేశాడు. "మామా, వాళ్ళు అన్నది చాలదా, నువ్వు కూడా జిల్లేడు మొహం అంటున్నావు?" అని.

తుంగభద్ర: అయ్యో, పై పాదం చివర "నవ్వు రా" ఉండాలి కదా! రాజిల్లెడు మోము, అంటే వెలిగే ముఖం. ఆ "రా" ఎక్కడ పెట్టావు తమ్ముడూ?

మూసీగట్టు: మీరంతా "ద" మీద, "నో" మీద ఉన్నారు కదా సార్. "రా" సంగతి ఎవరూ చెప్పలేదు.

పిల్లలమర్రి: మా తాత అయితే ఆ రెండు పాదాలూ ఒకే ఊపిరిలో పాడేవాడు. "దోచె" అనే.