అప్‌డేట్: పాప పుట్టినరోజుకు గుడ్డు లేని కేకు

పాప పుట్టినరోజుకు గుడ్డు లేకుండా మెత్తటి కేకు ఎలా చేయాలని అడిగిన నాకు, పెరుగుతో చేయమని చెప్పినవారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగించి, అర టీస్పూను వంటసోడా, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడరు కలిపి ఐదు నిమిషాలు ఉంచగా, మిశ్రమమంతా బుడగలు కట్టి పొంగింది. అర కప్పు నూనె, కాస్త వెనిలా ఎసెన్సు, జల్లించిన ఒకటిన్నర కప్పుల మైదా చేర్చి, బేగంబజారులో కొన్న అల్యూమినియం గిన్నెలో పోసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద వెంటనే పెట్టాను. పిండిని ఆగనిస్తే సోడా బలం తగ్గుతుందన్న సలహా అన్నింటికన్నా విలువైనది. అరగంట దాటాక గుచ్చిన పుల్లకు పిండి అంటలేదు. హైదరాబాదు ఎండలకు క్రీము కరిగిపోతుంది కనుక, కేకు పూర్తిగా చల్లారాక చాక్లెట్ గనాష్ (కరిగించిన చాక్లెట్‌తో చేసే చిక్కటి పూత) మాత్రమే పోశాను. పిల్లలు ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.